పెన్‌డ్రైవ్‌లో ఫొటోలు పోయాయా? ముందు దాన్ని పీకి పక్కన పెట్టండి

ఏ సాఫ్ట్‌వేర్ మంచిది, ఎక్కడ దొరుకుతుంది అన్నది తర్వాత మాట. పెన్‌డ్రైవ్‌లో ఉండాల్సినవి కనిపించట్లేదంటే ముందు దాన్ని కంప్యూటర్ నుంచో టీవీ నుంచో తీసేసి పక్కన పెట్టండి. నేను చూసినంతలో ఫైళ్ళు మొదటి పొరపాటుతో పోవు, పోయాక కంగారులో చేసే రెండో పనితో పోతాయి.

మొన్న సంక్రాంతికి ముందు రాజోలు నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. మావయ్య షష్టిపూర్తి ఫొటోలు, వీడియోలు అన్నీ స్టూడియోవాళ్ళు ఇచ్చిన 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు, స్టూడియోవాళ్ళు తమ దగ్గర ఉన్నవి ఎప్పుడో తీసేశారు. చుట్టాలకి చూపిద్దామని టీవీకి పెట్టిందట, మనవడు రిమోట్‌తో ఆడుతూ రికార్డింగ్ బటన్ నొక్కాడు, టీవీ ఏదో అడిగింది, వాడు ఓకే కొట్టేశాడు. కాసేపటికి చూస్తే డ్రైవ్ ఖాళీ. మావయ్య పోయి అప్పటికి ఎనిమిది నెలలు. "మీ మావయ్య గొంతు అందులోనే ఉందిరా" అంది, ఆ తర్వాత మాట రాలేదు.

"అత్తా, టీవీ ఆపేసి దాన్ని తీసి బీరువాలో పెట్టు. నేను వచ్చేదాకా ఎవ్వరికీ ఇవ్వకు, పక్కింటి ఇంజినీరింగ్ కుర్రాడు అడిగినా సరే" అని చెప్పాను. మర్నాడు పాలకొల్లులో బస్సెక్కి చించినాడ వంతెన దాటి వెళ్ళాను.

అంత గట్టిగా ఎందుకు చెప్పానంటే, మన డెల్టా వాళ్ళకి ఇది పొలం లెక్కన చెబితే సులువుగా అర్థమవుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఒక అడంగల్ లాంటి లెక్కల పుస్తకం ఉంటుంది, ఏ ఫైలు ఎక్కడ మొదలైంది, ఎక్కడెక్కడ ఉంది అని అందులో రాసి ఉంటుంది. ఫైలు డిలీట్ చేస్తే ఆ పుస్తకంలో పేరు కొట్టేస్తారు, అంతే, పొలం పొలంలానే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ చేస్తే పుస్తకమే కొత్తది పెడతారు, అప్పుడు కూడా పొలం ఉంటుంది. కానీ ఖాళీగా ఉంది కదా అని ఎవరైనా వచ్చి అక్కడ రొయ్యల చెరువు తవ్వేశారనుకోండి, ఇక ఆ వరి చేను తిరిగి రాదు. కొత్తగా ఒక పాట కాపీ చేసినా, టీవీ పది నిమిషాలు రికార్డు చేసినా, రికవరీ సాఫ్ట్‌వేర్‌నే ఆ పెన్‌డ్రైవ్‌లోకి డౌన్‌లోడ్ చేసినా జరిగేది చెరువు తవ్వడమే. ల్యాప్‌టాప్‌లో ఫైళ్ళు దాచే ఎస్‌ఎస్‌డీలు డిలీట్ చేసిన చోటును ట్రిమ్ అనే పద్ధతితో తమంతట తామే శుభ్రం చేసుకుంటాయి, మామూలు పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఆ పని చేయవు, అందుకే వీటిలో ఆశ ఎక్కువ.

ఇక అసలు ఏం జరిగిందో తేల్చుకోవాలి, ఎందుకంటే ఒక్కో దానికి ఒక్కో దారి.

అన్నిటికంటే తేలికైనది షార్ట్‌కట్ వైరస్. జిరాక్స్ షాపులో ప్రింటుకి ఇచ్చి వచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోవడం చాలామంది చూసే ఉంటారు. డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. లోపల ఏమీ కనిపించకపోయినా వాడిన స్థలం మాత్రం ఎప్పటిలాగే చూపిస్తుంటే ఫైళ్ళు పోలేదు, దాచిపెట్టారు. ఆ షార్ట్‌కట్‌ల మీద మాత్రం క్లిక్ చేయకండి, చేస్తే వైరస్ మీ కంప్యూటర్‌లోకి వచ్చేస్తుంది. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూలోకి వెళ్ళి హిడెన్ ఐటమ్స్‌కి టిక్ పెట్టండి, ఫోల్డర్ ఆప్షన్స్‌లో 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' దగ్గర టిక్ తీసేయండి. ఒక్కోసారి పేరే లేని ఫోల్డర్ ఒకటి కనిపిస్తుంది, అన్నీ దానిలోకి తోసేసి ఉంటాయి. ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రమే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి, ఈఎక్స్ఈ, వీబీఎస్ అని చివర ఉన్నవాటి జోలికి పోవద్దు. దీనికి రికవరీ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు.

రెండోది, చేత్తో డిలీట్ చేసేయడం. విండోస్‌లో పెన్‌డ్రైవ్ నుంచి డిలీట్ చేసినవి మామూలుగా రీసైకిల్ బిన్‌లోకి వెళ్ళవు, అందుకే అక్కడ వెతికి లేవని నీరసపడతారు. ఉబుంటులోనో మ్యాక్‌లోనో డిలీట్ చేసి ఉంటే మాత్రం పెన్‌డ్రైవ్‌లోనే దాగి ఉండే ట్రాష్ ఫోల్డర్‌లో దొరికే అవకాశం ఉంది.

మూడోది, పెట్టగానే 'ఫార్మాట్ చేస్తేగానీ వాడలేరు' అని విండోస్ అడగడం. క్యాన్సిల్ కొట్టండి. ఓటీజీ కేబుల్‌తో ఫోన్‌కి పెట్టినప్పుడు ఫోన్ అడిగినా అదే జవాబు. 'స్కాన్ అండ్ ఫిక్స్' అని వస్తే అదీ వద్దు, దాని వెనక నడిచే చెక్‌డిస్క్ ఫైళ్ళను రక్షించడానికి కాదు, డ్రైవ్‌ను మళ్ళీ వాడుకునేలా సర్దడానికి. ఆ సర్దడంలో ముక్కలన్నీ చివర సీహెచ్‌కే అని ఉన్న ఫైళ్ళుగా ఒక ఫోల్డర్‌లో పడేస్తుంది, కొన్నిసార్లు తర్వాత చేయగలిగిన పనిని కూడా చెడగొడుతుంది.

ఫార్మాట్ అయిపోయిందా? అయితే ఏ ఫార్మాట్ అన్నది గుర్తు తెచ్చుకోండి. క్విక్ ఫార్మాట్ అయితే దారి ఉంది. ఫార్మాట్ చేసేటప్పుడు 'క్విక్ ఫార్మాట్' దగ్గర ఉండే టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేసి ఉంటే, విస్టా దగ్గర్నుంచి విండోస్ డ్రైవ్ అంతటా సున్నాలు రాసేస్తుంది, ఇక అందులో వెతకడం దండగ. అప్పుడు వాట్సాప్‌లో ఎవరికి పంపాం, పాత ఫోన్‌లో ఉన్నాయా, గూగుల్ ఫొటోస్‌లో ఉన్నాయా అని అటువైపు వెతకడం మంచిది. నిజానికి ఏ కేసులోనైనా రికవరీకి కూర్చునే ముందు ఒక అరగంట ఇలా వెతకండి.

ఇప్పుడు అసలు పని. నేను ఎప్పుడూ పెన్‌డ్రైవ్ మీద నేరుగా పనిచేయను, ముందు దాని మొత్తాన్ని, ఖాళీగా కనిపించే చోటుతో సహా, ఒక్క పెద్ద ఫైలుగా కంప్యూటర్‌లోకి కాపీ తీసుకుంటాను. దీన్ని ఇమేజ్ అంటారు. ఇమేజ్ ఉంటే ఎన్నిసార్లు తప్పు చేసినా పర్వాలేదు, అసలు డ్రైవ్ బీరువాలో భద్రంగా ఉంటుంది. విన్32 డిస్క్ ఇమేజర్ అనే ఉచిత ప్రోగ్రాం చాలు. పైన ఫైలు ఎక్కడ పెట్టాలో, ఏ పేరుతో పెట్టాలో రాసి, పేరు చివర ఐఎంజీ అని పెట్టి, పక్కన పెన్‌డ్రైవ్ అక్షరం ఎంచుకుని రీడ్ నొక్కాలి. రీడ్. దాని పక్కనే రైట్ అనే బటన్ ఉంటుంది, అది సరిగ్గా వ్యతిరేకం, కంప్యూటర్‌లోది పెన్‌డ్రైవ్ మీద రాసేస్తుంది. నేను ప్రతిసారీ వేలు మౌస్ మీద ఆపి ఆ అక్షరాలు పైకి చదువుకుని మరీ నొక్కుతాను. 'రీడ్ ఓన్లీ అలొకేటెడ్ పార్టిషన్స్' అన్న దగ్గర టిక్ లేకుండా చూసుకోండి.

32 జీబీ డ్రైవ్‌కి కంప్యూటర్‌లో 30 జీబీ పైన ఖాళీ కావాలి, విండోస్ దాన్ని 29 చిల్లరగా చూపిస్తుంది కానీ రెండూ ఒకటే. దొరికిన ఫైళ్ళు పెట్టుకోవడానికి ఇంకో అంత చూసుకోండి. సెకనుకి 20 ఎంబీ చదివే మామూలు డ్రైవ్ అయితే 27 నిమిషాలు పడుతుంది. మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి డెస్క్‌టాప్ కంటే ఛార్జింగ్ ఉన్న ల్యాప్‌టాప్ నయం, స్లీప్‌లోకి వెళ్ళకుండా సెట్టింగ్ మార్చుకోండి. మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిపోతుంటే డ్రైవ్‌లో కొన్ని చోట్లు పాడయ్యాయని అర్థం, అప్పుడు లైనక్స్‌లో నడిచే జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం వాడాలి, అది ముందు బాగున్న చోట్లన్నీ చదివేసి పాడైన వాటి దగ్గరకి తర్వాత వస్తుంది, మ్యాప్‌ఫైల్ పేరు కూడా ఇచ్చి ఉంటే ఆపి మళ్ళీ మొదలుపెట్టినా వదిలిన చోటు నుంచే అందుకుంటుంది.

ఇమేజ్ వచ్చాక, పోయిన ఫైళ్ళు వెతికే ఫొటోరెక్ అనే ప్రోగ్రాం. దీన్ని క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఆయన రాశారు, పూర్తిగా ఉచితం, టెస్ట్‌డిస్క్ అనే ఇంకో పనిముట్టుతో కలిపి ఒకే జిప్‌లో వస్తుంది. నల్ల తెర చూసి భయపడేవాళ్ళు అందులోనే ఉన్న క్యూఫొటోరెక్ తెరవండి, మౌస్‌తో పని అయిపోతుంది. పైన 'యాడ్ ఎ రా డిస్క్ ఇమేజ్' అని ఎంచి మీ ఇమేజ్ ఫైలు చూపించండి. కింద పార్టిషన్ల (డ్రైవ్‌లోని భాగాల) జాబితాలో, ఫార్మాట్ అయిన డ్రైవ్ అయితే 'హోల్ డిస్క్' తీసుకోండి. ఫైల్ సిస్టమ్ దగ్గర ఫ్యాట్ అని ఉన్న వరుస. తర్వాత ఫ్రీ (ఖాళీ చోటు మాత్రమే) కావాలా, హోల్ (మొత్తం) కావాలా అని అడుగుతుంది, హోల్ పెట్టండి. ఫైల్ ఫార్మాట్స్ నొక్కి మీకు కావాల్సినవి మాత్రమే, ఉదాహరణకి జేపీజీ, ఎంఓవీ అని ఉంచితే (ఎంపీ4 వీడియోలు కూడా ఎంఓవీలోనే వస్తాయి) చెత్త తగ్గుతుంది. దొరికినవి ఎక్కడ పెట్టాలో చూపించి సెర్చ్ నొక్కడమే.

ఇది పేర్ల పుస్తకాన్ని అసలు చూడదు. ప్రతి జేపీజీ ఫొటో ఒకే రకం గుర్తుతో మొదలవుతుంది, ఆ గుర్తు ఎక్కడ కనిపిస్తే అక్కణ్ణుంచి ఫొటో తీసి పక్కన పెడుతుంది, అంటే చేలో గట్టు చూసి కమతం పోల్చుకోవడం లాంటిది. అందుకే పాత పేర్లు, ఫోల్డర్లు రావు. రెకప్ డైర్ 1, 2 అనే ఫోల్డర్లలో ఎఫ్ అక్షరం, దాని వెనక అంకెలతో వందల ఫైళ్ళు వచ్చి పడతాయి. పేర్లు కూడా కావాలంటే, అదీ ఫార్మాట్ కాకుండా డిలీట్ మాత్రమే అయి ఉంటే, ముందు టెస్ట్‌డిస్క్‌లో అన్‌డిలీట్ ప్రయత్నించండి, పోయిన ఫైళ్ళ పేర్లు ఎర్రగా చూపిస్తుంది. రెకువా అనే ప్రోగ్రాం కూడా ఈ పనికి తేలిక, కాకపోతే అది డ్రైవ్ మీద నేరుగా చదువుతుంది, దొరికినవి మాత్రం తప్పనిసరిగా కంప్యూటర్‌లోకే సేవ్ చేయాలి. రెండేళ్ళ క్రితం నా స్నేహితుడి చేపల చెరువుల లెక్కలు ఒక షాపులో ఇలాగే పోయాయి. అక్కడి కుర్రాడు ఫైళ్ళన్నీ వెతికి పట్టుకున్నాడు, పట్టుకున్నవాటిని అదే పెన్‌డ్రైవ్‌లో సేవ్ చేశాడు, సగం ఫైళ్ళు మిగతా సగాన్ని తినేశాయి.

ఫొటోలు బాగా వచ్చి పెద్ద వీడియోలు రాకపోతే ఆశ్చర్యపోకండి. స్టూడియోవాళ్ళు ఖాళీ డ్రైవ్‌లో ఒకేసారి కాపీ చేసిస్తే ఫైళ్ళు వరుసగా, ముక్కలు కాకుండా పడతాయి, అవి చాలావరకు నిండుగా వస్తాయి. ఏళ్ళ తరబడి వేస్తూ తీస్తూ వాడిన డ్రైవ్‌లో పెద్ద ఫైళ్ళు ముక్కలుగా అక్కడక్కడా ఉంటాయి, పేర్ల పుస్తకం లేకుండా ఆ ముక్కలు కలపడం కష్టం.

ఇంకోటి, ఇది మన తెలుగువాళ్ళకి వచ్చే సమస్య. తిరిగి వచ్చిన వర్డ్ ఫైలు తెరిస్తే పిచ్చి గీతలు, ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి, పాడైపోయిందని డిలీట్ చేసేస్తారు. ఆగండి. పాతవి చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసినవి, ఆ ఫాంట్లు మీ కంప్యూటర్‌లో లేకపోతే అలాగే కనిపిస్తాయి. డీటీపీ చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి తెరిపించండి, అక్షరం పోకుండా ఉండొచ్చు.

డ్రైవ్ అసలు గుర్తే పట్టకపోతే సాఫ్ట్‌వేర్‌తో పని లేదు. ముందు వేరే పోర్టు, వేరే కంప్యూటర్ చూడండి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలికి పెన్‌డ్రైవ్ ప్లగ్‌లోని ఇత్తడి రంగు పట్టీలు నల్లబడి, పచ్చబడి పోతాయి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది తడిపి మెల్లగా తుడిచి ఆరాక పెడితే పనిచేసినవి ఉన్నాయి. వరదలో తడిసినదైతే పూర్తిగా ఆరేదాకా, రోజులు పట్టినా సరే, కరెంటు తగలనివ్వద్దు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'నో మీడియా' అని చూపిస్తే లోపలి చిప్ దగ్గరే తేడా వచ్చిందని అర్థం, అది హైదరాబాద్ లాంటి చోట డేటా రికవరీ ల్యాబులకి ఇవ్వాల్సిన పని. ఖర్చు ఎక్కువే. ఫైళ్ళు రాకపోతే డబ్బు తీసుకోరా, దొరికిన వాటి జాబితా ముందే చూపిస్తారా అని అడిగి ఇవ్వండి. ఇంటి ఆడవాళ్ళ ఫొటోలు ఉన్న డ్రైవ్‌ని ఏ షాపులోనైనా వదిలేసి రావద్దు, పక్కన కూర్చుని చేయించుకోండి.

మా అత్త డ్రైవ్‌లో టీవీ కొంత రాసేసింది, అందుకని మొదట్లో ఉన్న ఫొటోలు కొన్ని, ఒక వీడియో పోయాయి. మిగతావి, వెయ్యి పైన ఫొటోలు, నాలుగు వీడియోలు వచ్చాయి. పేర్లు లేవు కదా, ఫొటో తీసిన తేదీ, సమయం ఫైలు లోపలే ఉంటుంది, దాని ప్రకారం సార్ట్ చేస్తే పొద్దున పూజ దగ్గర్నుంచి రాత్రి భోజనాల దాకా వరుసలో పడ్డాయి. వీడియోలు ఒక్కొక్కటీ చివరిదాకా నడిపి చూశాం, పేరు చూసి వచ్చేసిందనుకుంటే లాభం లేదు, మొదటి నిమిషం ఆడి ఆగిపోయేవి ఉంటాయి. మూడో వీడియోలో మావయ్య వడ్డన దగ్గర నిలబడి "పులిహోర ఇటు రానివ్వండయ్యా" అని కేకేస్తున్నాడు. అత్త దాన్ని వెనక్కి జరిపించి మళ్ళీ పెట్టించింది.

అన్నీ నా హార్డ్ డిస్క్‌లో ఒకటి, వాళ్ళ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఒకటి కాపీ పెట్టాం. పోయిన ఆ ఒక్క వీడియో కోసం ఇంకోసారి ప్రయత్నిస్తాను, అందుకే పాత పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేయలేదు, మీద తెల్ల ప్లాస్టర్ అంటించి 'వాడొద్దు' అని రాసి అత్త బీరువాలోనే ఉంచింది.