ఒక్కరే లాక్ దిగేటప్పుడు తాడు ముడి వేయొద్దు

ఇంగ్లండ్ కాలువల్లో నారోబోట్ (సన్నటి పొడవాటి పడవ) మీద ఒక్కరే వెళ్తుంటే పడవ నడపడం పెద్ద పనేం కాదు. వేగం ఎలాగూ గంటకు 4 మైళ్లు దాటకూడదు. టెన్షన్ అంతా లాకుల దగ్గరే, అంటే నీటిమట్టం పెంచి, తగ్గించి పడవను ఎక్కించే, దించే గేట్ల తొట్ల దగ్గరే. టార్డెబిగ్ దగ్గరైతే వరసగా 30 లాకులు!

దిగువకు వెళ్లేటప్పుడు పడవ మధ్యలో కట్టి ఉండే తాడును గట్టు మీది పొట్టి స్తంభానికి, అంటే బొల్లార్డ్‌కు ఒక్క చుట్టు తిప్పి, కొస చేతిలోనే ఉంచుకోండి. ముడి వేశారో, నీళ్లు దిగేకొద్దీ అది బిగుసుకుపోయి పడవ పక్కకు ఒరిగి వేలాడుతుంది.

ఇంకోటి, ఎగువ గేటు కింద నీళ్లలో మెట్టులాంటి దిమ్మె ఉంటుంది. దాన్ని సిల్ అంటారు. అది ఎక్కడిదాకా ఉందో గట్టు మీద తెల్లగీత చెబుతుంది. పడవ వెనక భాగం, చుక్కానితో సహా, ఆ గీత దాటి ముందుకు ఉండాలి. లేదంటే వెనక భాగం సిల్ మీద కూర్చుంటుంది, ముక్కు మాత్రం నీళ్లతోపాటే కిందికి పోతుంది. అందుకే లాకులోని నీళ్లు వదిలే చిన్న తలుపును, అంటే ప్యాడిల్‌ను ముందు సగమే ఎత్తండి. ఏ మాత్రం అనుమానం వచ్చినా వెంటనే దించేయండి.

ప్యాడిల్ ఎత్తడానికి తిప్పే చేతి పిడి, అంటే విండ్‌లాస్ రెండోది కూడా పెట్టుకోండి. నాది మొదటిరోజే కాలువపాలైంది.