ఇంట్లోనూ ల్యాబ్‌లోనూ యాసిడ్ జాగ్రత్తగా వాడడం ఎలా?

హైదరాబాద్‌లో బోరు నీళ్లు వాడే ఇళ్లలో కుళాయిలకీ బాత్రూం టైల్స్‌కీ తెల్లటి గార కట్టడం మామూలే. దాన్ని వదిలించడానికి చాలామంది తెచ్చుకునే బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడే. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పదిహేనేళ్లు పనిచేశాను. నిజం చెప్పాలంటే ల్యాబ్ కంటే ఇంటి బాత్రూమే నాకు ఎక్కువ భయం. ల్యాబ్‌లో సీసా మీద పేరుంటుంది, పొగని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ ఉంటుంది, పక్కన ఇంకో మనిషి ఉంటాడు.

ముందు యాసిడ్ అవసరమా అని చూడండి

కుళాయి గారకి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు. మగ్గు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాలు కరిగించి, గుడ్డ తడిపి కుళాయికి చుట్టి అరగంట వదిలేస్తే గార మెత్తబడుతుంది.

షాబాదు బండలు, మార్బుల్, మొజాయిక్ మీద మాత్రం యాసిడ్ వద్దు, నిమ్మ ఉప్పూ వద్దు. షాబాదు బండ అంటే సున్నపురాయి, యాసిడ్ దాన్ని కరిగించేస్తుంది. మా పాత ఇంటి వంటగదిలో ఒకసారి చెంబెడు ఒలికింది. సుర్రుమని నురగ వచ్చి అణిగేలోపే అరచేయంత మేర నునుపు పోయింది. ఇల్లు తుడిచే గుడ్డ అక్కడికొచ్చేసరికి గరుగ్గా పట్టేసేది.

కొనడం, దాచడం

2013లో సుప్రీంకోర్టు యాసిడ్ చిల్లర అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది. గుర్తింపు కార్డు చూడకుండా అమ్మకూడదు, 18 ఏళ్లు నిండనివాళ్లకి అసలే అమ్మకూడదు. పాత కూల్‌డ్రింక్ సీసాలో పోసిస్తే తీసుకోకండి. మీరూ అలా పోసి పెట్టకండి, ఎండాకాలం దాహం మీదున్నవాళ్లు రంగు చూడరు. కంటి ఎత్తుకి కిందుండే అరలో పెట్టి తాళం వేయండి.

కలిపే పద్ధతి

చేతులకి రబ్బరు గ్లోవ్స్, కళ్లకి పక్కలు కూడా మూసే కళ్లద్దాలు, కాళ్లకి బూట్లు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి తలుపు తీసి ఉంచండి. ప్లాస్టిక్ బకెట్ తీసుకోండి, ఇనుప రేకుదీ అల్యూమినియందీ పనికిరావు. లోహంతో కలిస్తే హైడ్రోజన్ పుడుతుంది, అది మండే వాయువు.

ముందు బకెట్‌లో పది మగ్గుల నీళ్లు. తర్వాత వాటిలోకి ఒక మగ్గు యాసిడ్, సన్నటి ధారగా. ఎప్పుడూ నీళ్లలోకి యాసిడే, యాసిడ్‌లోకి నీళ్లు కాదు. ల్యాబ్‌లో 98 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ దగ్గర ఇది ప్రాణాల మీదికొచ్చే తేడా. అది నీళ్లకంటే 1.84 రెట్లు బరువు. దాని మీద నీళ్లు పోస్తే అవి పైనే తేలి, పుట్టిన వేడికి అక్కడికక్కడే మరిగి, యాసిడ్‌ని మొహం మీదికి చిమ్ముతాయి. సరిగ్గా కలిపినా బీకర్ చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, అందుకే కొద్దికొద్దిగా పోసి మధ్యలో చల్లారనివ్వాలి.

బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట యాసిడ్ పోయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది, చిన్న బాత్రూంలో ఊపిరి ఆడదు. ఘాటు తగిలితే కడిగే పని వదిలేసి బయటికి రండి.

ఇన్వర్టర్ బ్యాటరీలో ఉండేదీ సల్ఫ్యూరిక్ యాసిడే. మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. చార్జింగ్ అవుతున్నప్పుడు దగ్గర అగ్గిపుల్ల గీయకండి.

ఒలికితే, మీద పడితే

నేల మీద కొద్దిగా ఒలికితే అంచుల నుంచి లోపలికి వంటసోడా చల్లండి. బుసబుస ఆగాక నీళ్లతో కడగండి. ఒంటి మీద పడితే మాత్రం సోడా వద్దు, అక్కడ పుట్టే వేడి ఇంకా కాలుస్తుంది. తడిసిన బట్టలు విప్పేసి, పారే నీళ్ల కింద కనీసం 20 నిమిషాలు ఉంచండి. పసుపు, టూత్‌పేస్ట్ పూయకండి.

కంట్లో పడితే రెప్పలు వేళ్లతో విప్పి పట్టుకుని అంతే సేపు కడగాలి. కడగడం అయ్యాకే మెహిదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికో, బంజారాహిల్స్ ఎల్‌వీ ప్రసాద్‌కో బయల్దేరండి. ట్రాఫిక్‌లో పోయే అరగంటలో కడగని కన్ను పాడైపోతుంది.

ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, వచ్చేటప్పుడు గొంతు రెండోసారి కాలుతుంది. నోరు పుక్కిలింపజేసి, 108కి ఫోన్ చేసి, ఆ సీసా కూడా వెంట తీసుకెళ్లండి.