చెరకు యాసిడ్ ముఖానికి రాసే ముందు

మాది రావులపాలెం దగ్గర పల్లె. పదేళ్లుగా మందుల షాపులో కూర్చుంటున్నాను. ఈమధ్య అమ్మాయిలు ఎక్కువగా అడుగుతున్నది గ్లైకాలిక్ యాసిడ్. "చెరకులోంచి తీసిందే కదండీ, ఏమవుతుంది?" అంటారు. బెల్లం పొయ్యి దగ్గర పెరిగినదాన్ని కాబట్టి మొదట్లో నేనూ అలాగే నమ్మాను. షాపులో చేరిన కొత్తలో 30 శాతం పీల్ (చర్మం పైపొర ఊడేలా కాసేపు రాసి కడిగేసే ఘాటు యాసిడ్) తెప్పించుకుని, ఫోన్ మాట్లాడుతూ అరగంట ఉంచేసుకున్నాను. చెంపలు కమిలిపోయాయి. ఆ నల్లమచ్చలు పోవడానికి ఏడు నెలలు పట్టింది.

చెరకులో ఈ యాసిడ్ ఉన్నమాట నిజమే, కానీ ఉండేది కొద్దిగానే. సీసాల్లోకి వచ్చేది చాలావరకు ఫ్యాక్టరీలో తయారైనదే. కాబట్టి చెరకు రసం పూసుకుంటే ఆ ఫలితం రాదు. నిమ్మరసమైతే అసలే వద్దు, అది రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలెక్కే ప్రమాదం ఉంది.

ఇది చర్మం పైపొరలో చచ్చిన కణాల పట్టు వదిలిస్తుంది. గరుకుదనం తగ్గుతుంది, మూసుకున్న రంధ్రాలు తెరుచుకుంటాయి, మొటిమల తాలూకు మచ్చలు మెల్లగా పలచబడతాయి. చర్మానికి రాసే పండ్ల యాసిడ్ల (ఏహెచ్ఏల) జాతిలో దీని అణువు అన్నిటికన్నా చిన్నది, అందుకే త్వరగా లోపలికి దిగుతుంది. మంట పుట్టేదీ అందుకే. మన చామనఛాయ చర్మానికి మంట పుడితే అదే నల్లమచ్చగా మిగులుతుంది.

కొనేటప్పుడు శాతం చూడండి. మొదటిసారి 5 చాలు, ఇంట్లో 10 దాటొద్దు. పీహెచ్, అంటే యాసిడ్ ఘాటు చెప్పే అంకె, 3.5 కన్నా తగ్గకూడదు; అది తగ్గేకొద్దీ ఘాటు పెరుగుతుంది. శాతమే రాయని సీసాను నేనైతే అమ్మను. 20 పైన ఉన్న పీల్స్ చర్మ డాక్టరు దగ్గరే చేయించుకోవాలి.

ముందు చెవి వెనక కొంచెం రాసి రెండు రోజులు ఆగండి. ఏమీ కాకపోతే రాత్రి ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక, శనగగింజంత రాయండి. కళ్ల చుట్టూ, ముక్కు మూలలు, పెదవులు వదిలేయండి. ఆపైన మాయిశ్చరైజర్. మొదటి నెల వారానికి రెండు రాత్రులే. థ్రెడింగ్, వ్యాక్సింగ్ చేయించుకున్న రోజు రాయొద్దు. యాసిడ్ రాసిన రాత్రి రెటినాల్ (ముడతలకు రాసే విటమిన్ ఎ క్రీము) గానీ, స్క్రబ్ గానీ వద్దు. రెండు నిమిషాలు చిమచిమలాడితే పర్వాలేదు. మండితే మంచినీళ్లతో కడిగేసి, చర్మం పూర్తిగా నెమ్మదించేదాకా ఆపేయండి.

ఇక ఎండ. ఈ యాసిడ్ వాడుతున్న చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది, మానేశాక కూడా వారం దాకా ఆ జాగ్రత్త ఉండాలి. కొబ్బరితోటల నీడ ఉంది కదా అనుకోకండి, కాలవగట్టు మీద బండి నడిపే ఇరవై నిమిషాలు చాలు. ఉదయం ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ ధారాళంగా రాయండి. మన ఉక్కపోతకు చెమటలో కొట్టుకుపోతుంది, మధ్యాహ్నం మళ్లీ రాయాలి. వరి కోతలకో, చేపల చెరువు పనికో రోజంతా ఎండలో ఉండేవాళ్లు ఆ రోజుల్లో యాసిడ్ మానేయడమే మంచిది.

మార్పు కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మంగు మచ్చలున్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి. పెళ్లి వారంలో ఉందంటూ వచ్చే పిల్లలకు మాత్రం నేను ఈ సీసా ఇవ్వను. సన్‌స్క్రీన్ చేతిలో పెట్టి, పెళ్లయ్యాక రమ్మంటాను.