ఫోన్ వంటగట్టు మీద, అలారం తల దగ్గర

పడుకుంటే రేపటి ఇంటర్నల్ పరీక్ష గురించి టెన్షన్, అది మర్చిపోదామని ఫోన్, అది పక్కన పెట్టేసరికి రాత్రి 2. ఒడిశాలోని పర్లాకిమిడిలో అద్దె గదుల్లో ఉండి చదువుకునే మనవాళ్లు చాలామందిది ఇదే గోల. నాకు పనికొచ్చింది చెబుతాను. 10 గంటలకి ఫోన్ వంటగట్టు మీద ఛార్జింగ్ పెట్టేసి, తల దగ్గర ఒక మామూలు అలారం గడియారం పెట్టుకోండి, లేకపోతే అలారం పేరుతో ఫోన్ మళ్లీ మంచమెక్కుతుంది. తర్వాత పాత నోట్సు వెనక పేజీలో రేపటి పనులు మూడే మూడు రాయండి, "రెండో యూనిట్, 10 పేజీలు" అన్నట్టు చిన్నగా. "సిలబస్ అంతా" అని రాస్తే మళ్లీ గుండె దడే. సాయంత్రం 4 దాటాక టీ మానేయండి. ఎప్పుడు పడుకున్నా, ఆదివారమైనా సరే, 6కే లేచి 20 నిమిషాలు ఎండలో నడవండి. నాకు కుదురుకోవడానికి వారం పట్టింది.

రెండు వారాలు చేసినా నిద్ర రాకపోతే, తిండి సయించకపోతే ఇది చాలదని అర్థం. బతకాలని లేదు అనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు, 14416కి ఫోన్ చేయండి. మనసు బాగోనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ ఇది, టెలి మానస్ అంటారు, ఉచితం, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.