“పనికొస్తుందిలే” అని దాచినవి నిజంగా పనికి రావాలంటే ఏం చేయాలి?

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం రాత్రి పదింటికి మా వంటింటి సింకు కింద నీళ్ళు కారడం మొదలైంది. కొళాయికి వెళ్ళే కనెక్షన్ పైపు ఉంటుంది కదా, దాని నట్టు లోపలి రబ్బరు వాషరు చీలిపోయింది, అంతే. అర అంగుళం వాషరు, కొత్తది కొన్నా పది రూపాయలు. అలాంటివి మా ఇంట్లో కనీసం నాలుగున్నాయని నాకు తెలుసు, ఎందుకంటే పాత పైపులు మార్చినప్పుడు మా మావయ్యగారు బాగున్నవాటిని ఊడదీసి “ఉండనీ అమ్మా, పనికొస్తాయి” అని ఎక్కడో పెట్టారు. ఆ ‘ఎక్కడో’ కోసం ఏడు డబ్బాలు, రెండు సొరుగులు, ఒక హార్లిక్స్ సీసా బోర్లించాం. దొరకలేదు. వాల్వు కట్టేసి, గిన్నెలన్నీ బాత్‌రూంలో కడుక్కుని, పొద్దున్నే ప్లంబరుని పిలిస్తే వాషరుకి పది, వచ్చినందుకు మూడొందలు తీసుకున్నాడు. వాషర్లు పదిహేను రోజుల తర్వాత బయటపడ్డాయి, అగరొత్తుల డబ్బాలో.

మావయ్యగారిని తప్పు పట్టను. ఆయనది ఒంగోలు దగ్గర పల్లెటూరు, ఒక స్క్రూ పోతే బస్సెక్కి టౌనుకి వెళ్ళాలి, పూట పోతుంది. అక్కడ దాచుకోవడమే తెలివి. మేముండే బెంగళూరు మారతహళ్లిలో అలా కాదు. ఎస్పీ రోడ్డుకి పోతే దొరకని నట్టూ వైరూ ఉండదు, టెఫ్లాన్ టేపు కూడా ఫోన్లో నొక్కితే ఇంటికొచ్చేస్తోంది. ఇక్కడ కరువు వస్తువులకి కాదు, జాగాకి. వెయ్యి అడుగుల ఇంటికి ముప్ఫై వేలు అద్దె అనుకోండి, అడుగుకి నెలకి ముప్ఫై. బాల్కనీలో నాలుగడుగులు ఆక్రమించిన అట్టపెట్టెకి నెలకి 120, ఏడాదికి 1,440 కడుతున్నట్టు! లోపల ఉన్నదేమో పాత మిక్సీ మూతలు. ఈ లెక్క చెప్తే మా ఆయన నవ్వాడు గానీ మావయ్యగారు మాత్రం కాసేపు ఆలోచనలో పడ్డారు.

కాబట్టి పట్నంలో దాచాల్సినవి రెండే రకాలు: దుకాణాలు మూసిన వేళ అవసరమయ్యేవి, విడిగా ఎవరూ అమ్మనివి. దాన్ని పట్టుకుని మేం ఇల్లు ఎలా సర్దామో చెప్తాను.

1. అన్నిటినీ ఒకే దుప్పటి మీదికి తెండి

హాల్లో పాత దుప్పటి పరిచి, ఇంట్లో నలుమూలలా దాక్కున్నవన్నీ దాని మీద పొయ్యండి. ఫ్రిజ్ పైన, టీవీ కింద సొరుగు, చెప్పుల స్టాండు, కుట్టు మిషను అర, అటక, దేవుడి గూటి కింద అర కూడా. ఒక్కో డబ్బా విడిగా సర్దితే లాభం లేదు, ఎందుకంటే ఒకే రకం వస్తువు అయిదు చోట్ల ఉందన్న సంగతి అన్నీ ఒక్కచోట పడితేనే తెలుస్తుంది. మాకు అలెన్ కీలు, అదే ఎల్ ఆకారంలో ఉండేవి, పద్నాలుగు దొరికాయి. మంచం కొన్నా, కుర్చీ కొన్నా, పిల్లాడి సైకిల్ కొన్నా ఒకటి ఇస్తారు, పారెయ్యడానికి చెయ్యి రాదు. సైజుకి ఒకటి ఉంచి మిగతావి తీసేశాం.

2. ప్రమాదమైనవి ముందు ఏరెయ్యండి

ఇందులో మొహమాటం వద్దు. ఉబ్బిన ఫోన్ బ్యాటరీ, ఉబ్బిన పవర్ బ్యాంకు ఇంట్లో ఒక్కరోజు కూడా ఉండకూడదు, వాటిని గుచ్చకండి, వంచకండి, చెత్తలో కలపకండి, అవి అంటుకుంటాయి. తెల్ల పొడి కారిన సెల్లులూ అంతే, చేత్తో ముట్టుకోకుండా తియ్యండి. గుండీ సెల్లులు, అంటే వాచీల్లో, బొమ్మల్లో ఉండేవి, చిన్నపిల్లలున్న ఇంట్లో అసలు వద్దు, పిల్లాడు మింగితే రెండు గంటల్లోనే గొంతు కింద ఆహారనాళాన్ని కాల్చేయగలవు. ‘అయిపోయిన సెల్లే కదా’ అనుకోకండి, వాచీ నడపలేని సెల్లుకి కూడా ఆ పని చేసే శక్తి ఉంటుంది. పాత సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది కాబట్టి అవీ అటకెక్కకూడదు. ఇవన్నీ ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వాలి.

కుక్కరు పాత సేఫ్టీ వాల్వు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ‘కొత్తది వచ్చేదాకా ఇది వేసుకుందాం’ అని చాలామంది దాస్తారు. దాచకండి. ఆవిరి ఎక్కువైతే కరిగి మనల్ని కాపాడాల్సిన ముక్క అది, దాంట్లో పొదుపేంటండీ.

3. ప్రతి వస్తువుకీ ఒక వాక్యం చెప్పండి

వస్తువుని చేత్తో పట్టుకుని పైకి చెప్పాలి: “ఫలానాది పాడైతే, దీన్ని ఫలానా చోట వాడతాను.” వాక్యం గబుక్కున వస్తే ఉంచండి. అందులో ‘ఏదైనా’, ‘ఎప్పుడైనా’, ‘ఎవరికైనా’ అన్న మాట దొర్లిందంటే అది పోవాల్సిందే. “బాత్‌రూం తలుపు గడియ ఊడితే ఈ స్క్రూలు వేస్తాను” సరే. “ఏదైనా క్రాఫ్ట్ వర్కుకి” అంటూ ఉంచిన ఐస్‌క్రీం పుల్లలు మా ఇంట్లో మూడేళ్ళున్నాయి, పిల్లాడు ఈలోగా హైస్కూల్లో చేరాడు.

4. ఏవి ఎన్ని ఉంచాలి

అసలు పని ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

స్క్రూలు, మేకులు: చెక్క స్క్రూలకి మొన సూదిగా ఉంటుంది, నట్టు పట్టే స్క్రూలకి మొన మొద్దుగా ఉంటుంది, ఈ రెండూ వేరుగా పెడితే చాలు, ఇంకా చిన్న చిన్న విభాగాలు చేస్తూ కూర్చుంటే ఆదివారం అయిపోతుంది. తుప్పు పట్టినవి తీసెయ్యండి. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే తెల్ల సిలికా జెల్ పొట్లం ఒకటి ఈ డబ్బాలో పడేస్తే చెమ్మ పట్టదు.

నీళ్ళ సామాను: అర అంగుళం వాషర్లు నాలుగు, టెఫ్లాన్ టేపు ఒకటి, మంచి స్థితిలో ఉన్న కనెక్షన్ పైపు ఒకటి. కొళాయి మూతికి ఉండే జల్లెడ ముక్క కొత్తది వేశాక పాతది పారెయ్యకండి. బెంగళూరు బోరు నీళ్ళకి దాంట్లో తెల్లటి గార పట్టి ధార సన్నబడుతుంది తప్ప అది పాడైనట్టు కాదు. రాత్రి వెనిగర్‌లో నానేసి పొద్దున్నే పాత టూత్‌బ్రష్‌తో తోమితే మళ్ళీ పనికొస్తుంది. అలా రెండు జల్లెడలు మార్చి మార్చి వాడుకుంటున్నాం.

చార్జర్లు, అడాప్టర్లు: ఏది దేనిదో తెలియని అడాప్టరు ఉన్నా లేనట్టే. వాటి మీద సన్న అక్షరాల్లో ‘ఔట్‌పుట్’ అని ఉంటుంది, అది చూడాలి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు వస్తువు అడిగినంతో అంతకంటే ఎక్కువో ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. గుండ్రటి పిన్ను అయితే ప్లస్ మధ్యలో ఉందా బయట ఉందా అన్న చిన్న బొమ్మ కూడా కలవాలి. ఇవేవీ చూడకుండా, పిన్ను పట్టింది కదా అని అయిదు వోల్టుల స్పీకర్‌కి పన్నెండు వోల్టుల అడాప్టరు పెట్టి నేనే స్వయంగా ఒకటి తగలేశాను, వాసన రెండు రోజులుంది. వైఫై డబ్బాకి సరిపోయే అడాప్టరు ఇంకోటి ఉంటే తప్పక ఉంచండి, ఇంటినుంచి పని చేసేవాళ్ళకి దాని విలువ సోమవారం పొద్దున తెలుస్తుంది. పాత సన్నపిన్ను ఫోన్ వైరు ఒక్కటి చాలు. పైతొడుగు బీటలిచ్చిన కరెంటు వైర్లు, ముక్కలు అతికించి చేసిన ఎక్స్‌టెన్షన్లు వద్దే వద్దు.

బిర్యానీ డబ్బాలు: బెంగళూరు తెలుగువాళ్ళ ఇళ్ళలో పేరుకునే అసలు సిసలు ఆస్తి ఇదే! మా ఇంట్లో ముప్ఫై ఎనిమిది లెక్కతేలాయి, మూతలు మాత్రం ఇరవై రెండు. మూత లేనివి అక్కడికక్కడే తీసెయ్యండి. అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటే పాలీప్రొపిలీన్, కొంచెం గట్టిది. 1 అంకె ఉన్నది నీళ్ళ సీసాల ప్లాస్టిక్, దాంట్లో వేడివి పొయ్యకూడదు. గట్టిదైనా సరే, ఇవి ఒక్కసారి వాడకానికి చేసిన పల్చటి డబ్బాలు, వాటిలో పచ్చళ్ళు, నూనె వస్తువులు నెలల తరబడి పెట్టడం, మళ్ళీ మళ్ళీ వేడి చెయ్యడం నాకు ఇష్టముండదు. స్క్రూలకి, బొత్తాలకి, కొత్తిమీర నారుకి బ్రహ్మాండంగా ఉంటాయి. పది ఉంచుకోండి. పదకొండోది వస్తే ఒకటి పోవాలి.

గాజు సీసాలు: వీటిని నేనూ వదల్లేను, ఒప్పుకుంటాను. లేబులు పోవాలంటే వేడినీళ్ళలో నానబెట్టి, మిగిలిన జిగురుకి కొంచెం వంటనూనె, వంటసోడా కలిపి రుద్దండి. ఇనుప మూతల సీసాల్లో ఆవకాయ పెట్టకండి, ఉప్పుకీ పులుపుకీ మూత తుప్పు పడుతుంది. ఆ సీసాలు పప్పులకి, పోపు దినుసులకి. ఒక అర నిండేదాకానే.

కవర్ల కవరు: దీని గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. తలుపు వెనక మేకుకి వేలాడే ఆ మూట ప్రతి తెలుగింట్లో ఉంది. పల్చటి కవర్లు ముట్టుకుంటే పొడిపొడి అయిపోతాయి, అవి ముందు తీసెయ్యండి. మిగతావి మూటలో పట్టినన్నే.

అట్టపెట్టెలు: అద్దె ఇళ్ళవాళ్ళకి టీవీ పెట్టె, లోపలి థర్మోకోల్‌తో సహా, నిజంగానే అవసరం, ఇల్లు మారేటప్పుడు దాన్ని మించిన రక్షణ లేదు. మిక్సీ పెట్టె వారంటీ అయ్యేదాకా చాలు. మిగతావి విప్పి చదును చేసెయ్యండి. వానల్లో గోడ చెమ్మ తగిలిన అట్టలో బొద్దింకలు కాపురం పెడతాయి, కాబట్టి ఉంచినవాటిని గోడకి ఆనించకండి.

బొత్తాలు, పాత బట్టలు: చొక్కాతో వచ్చే అదనపు బొత్తం ఏ చొక్కాదో చిన్న కాగితం మీద రాసి దాంతోనే పెట్టండి. నూలు చీరలు, లుంగీలు తుడిచే గుడ్డలకి మించింది లేదు. సింథటిక్‌వి నీళ్ళు పీల్చవు, ఉంచి లాభం లేదు.

రబ్బరు బ్యాండ్లు ఒక గుప్పెడు, టాల్కం పౌడరు చల్లి మూత పెట్టండి, అతుక్కోవు.

5. డబ్బాలకి పేర్లు పెట్టండి

‘స్క్రూలు’, ‘రబ్బరు’, ‘ప్లాస్టిక్’ అని రాయకండి. ఏ వస్తువు అన్నది కాదు, ఏ కష్టం వచ్చినప్పుడు తెరవాలన్నది రాయాలి. మా డబ్బాల పేర్లు: నీళ్ళు కారితే, కరెంటు పోతే, తలుపులు–మంచం, మిక్సీ–కుక్కరు, బట్టలు, ఇల్లు మారితే. అర్ధరాత్రి కంగారులో మెదడు ‘నీళ్ళు’ అని వెతుకుతుంది గానీ ‘రబ్బరు’ అని వెతకదు. కాగితం టేపు అంటించి మార్కరు పెన్నుతో రాయండి, పక్కన నెల, సంవత్సరం కూడా వెయ్యండి. మా ఇంటికొచ్చే ప్లంబరుకి తెలుగు రాదు, కాబట్టి నీళ్ళ డబ్బా మీద పిల్లాడి చేత కొళాయి బొమ్మ వేయించాను, చూడ్డానికి ఏనుగులా ఉంది గానీ అందరికీ గుర్తుంటోంది.

అన్నీ ఒకే అరలో, చేతికి అందే ఎత్తులో పెట్టండి. అటక మీద పెడితే నిచ్చెన ఎక్కడుందో వెతుక్కోవాలి.

6. ఏడాదికోసారి, భోగికి

ఊళ్ళో అయితే పాత చేటలూ విరిగిన కుర్చీలూ భోగి మంటలోకి పోయేవి. అపార్టుమెంట్లో ఆ పప్పులుడకవు, పైగా మన పాత సామాన్లలో సగం ప్లాస్టిక్కే, దాన్ని కాల్చకూడదు కూడా. అయినా తేదీ మాత్రం మంచిది, జనవరిలో ఎలాగూ ఇల్లు దులుపుతాం. ఆ రోజు ఆరు డబ్బాలూ తీసి, రెండు భోగులు దాటినా ముట్టుకోనివి బయట పెట్టండి. మిక్సీ జారు రబ్బరు లాంటివైతే ఆ మిక్సీ ఇంకా ఇంట్లో ఉందా అని చూడండి. మా దగ్గర 2017లో మార్పిడికి ఇచ్చేసిన గ్రైండరు బెల్టు భద్రంగా ఉంది.

తీసేసినవి ఎక్కడికి? ఇనుము, రాగి వైరు, పేపర్లు, సీసాలు గుజరి అంగడికి, పాత సామాన్ల కొట్టుని ఇక్కడ అలా అంటారు. రాగి, ఇత్తడి ఇనుములో కలపకుండా వేరే సంచిలో తీసుకెళ్ళండి, ధర బాగా తేడా ఉంటుంది. గుజరిలో తీసుకోని ప్లాస్టిక్కు కడిగి ఆరబెట్టి పొడి చెత్త సంచిలో వెయ్యండి, లేదా వార్డులో ఉన్న డ్రై వేస్ట్ సెంటర్‌కి ఇవ్వండి. విరిగిన గాజు, బ్లేడ్లు పేపర్లో మందంగా చుట్టి, చెత్త తీసుకెళ్ళే మనిషికి నోటితో చెప్పి చేతికివ్వండి. పనిచేసే చార్జర్లు, మంచి డబ్బాలు ఉంటే అపార్టుమెంట్ గ్రూపులో ఫొటో పెడితే గంటలో పోతాయి.

పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇంకొక్క పని చెయ్యాలి. వాళ్ళు దాచినవి వాళ్ళు లేనప్పుడు పారెయ్యకండి, నేను ఒకసారి చేసి రెండు రోజులు మాటలు పోగొట్టుకున్నాను. బదులుగా పేరు లేని డబ్బా ఒకటి వాళ్ళకి కేటాయించండి, దానికి వాక్యం పరీక్ష లేదు, భోగి లెక్క లేదు, మూత పడితే చాలు. మావయ్యగారి డబ్బాలో ఇప్పుడు ఒక గడియారం కీ, రెండు సైకిల్ ట్యూబు ముక్కలు, ఆయన పాత కళ్ళజోడు కాడ ఉన్నాయి. మొన్న ఒంగోలు వెళ్తూ, మేం తీసెయ్యడానికి పక్కన పెట్టిన బిర్యానీ డబ్బాల్లోంచి మంచివి ఓ డజను ఏరి సంచిలో సర్దుకున్నారు. “అక్కడ జాగా ఉందిగా అమ్మా” అన్నారు.