ఇంటికే వైన్ సీసా పంపవచ్చా? ఈ డిబేట్‌కు పిల్లల్ని ఇలా తయారు చేయండి

"వైన్ తయారుచేసేవాళ్లు నేరుగా కొనేవాళ్ల ఇంటికి సరుకు పంపుకోవడానికి చట్టం ఒప్పుకోవాలి." డిగ్రీ కాలేజీ పోటీల్లో ఇలాంటి అంశం ఇస్తే మా నల్గొండ పిల్లలు లేవగానే చేసే పని ఒకటే. తాగుడు వల్ల సంసారాలు ఎట్లా కూలిపోతున్నాయో చెప్పడం మొదలుపెడతారు. అవతలి పక్షం లేచి, ప్రభుత్వానికి ఆదాయం కావద్దా అంటుంది. బెల్లు మోగుతుంది. అంశం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. పొలిటికల్ సైన్స్ చెప్తాను కాబట్టి ఈ టీములు నా మెడకే పడతాయి. నేను తయారుచేసే తీరు చెప్తాను. గ్రూప్స్ వ్యాసం కోసం చదివేవాళ్లకూ పనికొస్తుంది.

ముందుగా, తాగుడు చెడ్డదని రెండు పక్షాల చేతా ఒప్పించేయండి. ఒప్పుకున్నాక కూడా చర్చ అంతే గట్టిగా నడుస్తుంది. ఎందుకంటే ఇక్కడి లొల్లి వేరు. సీసా ఎట్లాగూ తాగేవాడి దగ్గరికి చేరుతుంది. ఎన్ని చేతులు మారి చేరాలి, మధ్యలో ఉన్నవాళ్లు ఎవరి కోసం ఉన్నారు, ఈ రాష్ట్రం సీసాకు ఒక రూలు, పక్క రాష్ట్రం సీసాకు ఇంకో రూలు ఉండవచ్చా అన్నదే అసలు సంగతి.

రెండోది, హోమ్ డెలివరీకీ దీనికీ తేడా పట్టుకోమనండి. 2020 లాక్‌డౌన్‌లో ఇళ్లకు మద్యం పంపే విషయం ఆలోచించమని సుప్రీంకోర్టు రాష్ట్రాలకు సూచించింది. మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ ఒప్పుకున్నాయి కూడా. ప్రతి టీమూ దాన్నే ఉదాహరణగా తెస్తుంది, అది సరిపోదు. అక్కడ ఊళ్లోని లైసెన్సు షాపు నుంచే సీసా ఇంటికి వస్తుంది. మన అంశంలో నాసిక్ ద్రాక్షతోట యజమాని తన సీసాను కొరియర్‌లో మిర్యాలగూడ పంపుతున్నాడు. షాపు లేదు, డిపో లేదు.

ఇప్పుడు బోర్డు మీద రెండు గొలుసులు గీయండి. మొదటిది మనది: కంపెనీ, అక్కడినుంచి ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషన్ డిపో, అక్కడినుంచి లక్కీ డ్రాలో లైసెన్సు దక్కిన వైన్స్ షాపు. నాలుగో కొస ఒకటి ఉంది, కాగితం మీద ఉండదు, ఊళ్లో కిరాణా కొట్టు వెనకాల ఉంటుంది. బెల్టు షాపు. దాన్ని కూడా గీయించండి, తర్వాత పనికొస్తుంది.

రెండోది అమెరికాది. ఈ చర్చ పుట్టిందీ ముదిరిందీ అక్కడే కాబట్టి అది తెలియకుండా వేదిక ఎక్కించకండి. అక్కడ 1920 నుంచి 1933 దాకా దేశమంతా మద్యనిషేధం. అంతకుముందు బీరు కంపెనీలే సొంతంగా బార్లు నడిపి జనంతో ఎక్కువ తాగించేవి. 1933 డిసెంబరులో 21వ రాజ్యాంగ సవరణతో నిషేధం ఎత్తేశాక ఆ రోజులు మళ్లీ రావద్దని చాలా రాష్ట్రాలు మూడు అంచెలు పెట్టాయి: తయారీదారు, టోకు వ్యాపారి, చిల్లర షాపు. తన సరిహద్దు దాటి వచ్చే మద్యం మీద ప్రతి రాష్ట్రానికీ ఆ సవరణే అధికారం ఇచ్చింది. మన గొలుసుతో పోల్చమంటే పిల్లలే తేడా పట్టేస్తారు. మన దగ్గర మధ్య అంచె సర్కారుది. అక్కడ ఎక్కువ రాష్ట్రాల్లో ప్రైవేటు టోకు వ్యాపారులది. నేరుగా పంపొద్దని కోర్టుల్లో గట్టిగా వాదించింది కూడా వాళ్లే. 'ప్రజారోగ్యం' అన్న మాట వినపడ్డప్పుడల్లా చెప్తున్నది ఎవరో చూడమని మా పిల్లలకు చెప్తుంటాను. చెప్పేవాడికి లాభం ఉన్నంత మాత్రాన మాట తప్పైపోదని కూడా చెప్తాను.

ఎక్కువసేపు కూర్చోవాల్సింది 2005 నాటి గ్రాన్‌హోమ్ వర్సెస్ హీల్డ్ తీర్పు దగ్గర. వర్జీనియాలో హువానిటా స్వీడెన్‌బర్గ్ అనే ఆవిడకు చిన్న ద్రాక్షతోట, వైనరీ ఉండేవి. న్యూయార్క్‌లోని కస్టమర్లకు వైన్ పంపాలంటే ఆ రాష్ట్ర చట్టం అడ్డం వచ్చింది. న్యూయార్క్ వైనరీలు మాత్రం ఇళ్లకు పంపుకోవచ్చు. బయటివాళ్లు పంపాలంటే అక్కడే ఆఫీసు, గోదాము పెట్టాలి. మిషిగన్‌లోనూ ఇంతే, సొంత రాష్ట్రం వాళ్లకు సడలింపు, బయటివాళ్లకు టోకు వ్యాపారి గడప. ఈ వివక్ష చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. తీర్పు రాసింది జస్టిస్ కెనెడీ.

ఈ తీర్పును రెండు టీములూ తప్పుగానే వాడతాయి. అందరూ ఇంటికి పంపుకోవచ్చని కోర్టు చెప్పలేదు. పంపనిస్తే అందరినీ పంపనివ్వు, ఆపితే నీ వాళ్లను కూడా ఆపు అన్నది. ఈ రెండో సగం వ్యతిరేక పక్షం ఆయుధం. వాళ్లకు ఇంకోటి కూడా ఇవ్వండి: నలుగురు జడ్జీలు ఒప్పుకోలేదు. 21వ సవరణ రాష్ట్రాలకు ఇచ్చిన అధికారమే పెద్దదన్నారు. అందులో ఉదారవాది అనిపించుకున్న స్టీవెన్స్, సంప్రదాయవాది థామస్ ఇద్దరూ ఉన్నారు. పార్టీ కళ్లద్దాలతో ఈ కేసు అర్థం కాదు.

పోటీ జడ్జీలకు తప్పకుండా వచ్చే ప్రశ్న: "అమెరికా సరే, మన రాజ్యాంగం ఏమంటుంది?" ఇక్కడ చాలా టీములు నీళ్లు నములుతాయి. ఈ ముక్కలు చాలు. మత్తు పానీయాలు రాష్ట్ర జాబితాలో 8వ అంశం. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది. 47వ అధికరణం మద్యనిషేధం వైపు నడవమంటుంది. ఇవన్నీ వ్యతిరేక పక్షానికి. అనుకూల పక్షానికి 304(ఎ) అధికరణం: బయటి సరుకు మీద వివక్షతో పన్ను వేయకూడదు. దానికి తోడు కల్యాణీ స్టోర్స్ కేసు. బయటి రాష్ట్రాల నుంచి వచ్చే విదేశీ మద్యం మీద ఒరిస్సా సుంకాన్ని గ్యాలన్‌కు 40 నుంచి 70 రూపాయలకు పెంచింది. అలాంటి మద్యం ఒరిస్సాలో తయారే కాదు కదా, ఇక ఇక్కడి సరుకు మీది సుంకంతో సమం చేసే సుంకం దేనికి అని కోర్టు ఆ పెంపును కొట్టేసింది. పన్ను గురించిన తీర్పు అది, కొరియర్ గురించి కాదు. ఆ సంగతి మన నోటితోనే చెప్పిస్తే ప్రత్యర్థికి అవకాశం ఉండదు.

వ్యతిరేక పక్షానికి మన రాష్ట్రం నుంచే సరుకు దొరుకుతుంది. తెలంగాణలో 2,620 షాపులు. 2023లో ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు, 2025లో 3 లక్షలు, డ్రాలో పేరు రాకపోయినా తిరిగి రావు. షాపుల్లో గౌడలకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్. నాసిక్ నుంచి సీసా సీదా వచ్చేస్తే ఈ రిజర్వేషన్‌కు విలువేం మిగులుతుంది? ఈ వాదన జడ్జీలు ఊహించరు. గట్టిగా అడిగించండి. 21 ఏళ్లు నిండనివాడి చేతికి పార్శిల్ వెళ్తే ఎట్లా అన్నది మాత్రం అందరూ అడిగేదే. అమెరికాలో పెద్దవాళ్లు సంతకం పెట్టాకే ఇవ్వాలన్న రూలు ఉంది. అనుకూల పక్షం అది చెప్పి, బోర్డు మీది నాలుగో కొస చూపించి, బెల్టు షాపులో వయసు ఎవరు అడుగుతున్నారని తిప్పికొట్టవచ్చు.

మక్తల్ వైపు పిల్లలుంటే కృష్ణా దాటి రాయచూరు నుంచి వచ్చే సీసా కథ వాళ్లే చెప్తారు. ఇక్కడ సుంకం కట్టని సరుకు కాబట్టి ఎక్సైజోళ్లు పట్టుకుంటారు. అదే బండిలో అటునుంచి ద్రాక్షపండ్లు వస్తే ఎవరూ ఆపరు. అనుకూల పక్షానికి మంచి ఉదాహరణ, రెండు వాక్యాల్లో ముగించాలి.

"మేడమ్, మరి మన కల్లు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. కల్లు గంటగంటకూ పులుస్తూనే ఉంటుంది, కొరియర్‌కు ఆగదు. గీసినవాడి దగ్గరే తాగేది, మధ్యలో టోకు వ్యాపారి లేనిది మన దగ్గర ముందునుంచీ ఉందని ఒక్క మాట అనిపించి వదిలేయండి. లాగితే సాగుతుంది.

ఆడపిల్లల ఇళ్లనుంచి ఫోన్లు వస్తాయి, మందు గురించి మాట్లాడించడమేంటని. చట్టం గురించి మాట్లాడుతున్నారని చెప్పి, వీలైతే వాళ్లను రిహార్సల్‌కు పిలవండి. ఊళ్లో బెల్టు షాపు మూయించడానికి కూర్చున్న తల్లులు అడిగే ప్రశ్నలు ఏ జడ్జీ అడగడు.

పోటీకి ముందు పక్షాలు మార్చి ఒకసారి మాట్లాడించండి. చివరిగా ఒక కాగితం మీద ఒకే ప్రశ్నకు జవాబు రాయించి జేబులో పెట్టించండి: "అయితే విస్కీ కూడా ఇంటికే పంపమంటారా?" అమెరికాలో వైన్‌కు తలుపు తీసిన చాలా రాష్ట్రాలు విస్కీకి తీయలేదు. అనుకూల పక్షం ఆ గీత దగ్గరే నిలబడాలి. వ్యతిరేక పక్షం మాత్రం ఆ గీత ఎన్నాళ్లుంటుందని అడగాలి.