నల్ల కారుకి రంగు కొనేముందు ఒక పాత రేకు ముక్క

పాత అంబాసిడర్, పద్మిని లాంటి నల్ల కార్లకి మళ్ళీ రంగు వేయిస్తే ఒకటే తలనొప్పి. షెడ్డులో ట్యూబ్‌లైటు కింద నిగనిగలాడిన నలుపు ఎండలోకి రాగానే నీలమో, గోధుమో కొడుతుంది.

అందుకే లీటర్ల లెక్కన ఒకేసారి కొనకండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, మీకు దగ్గర్లో రంగులు కలిపే షాపులోనో రెండు రకాలు వంద మిల్లీలీటర్ల చొప్పున తీసుకోండి. ఒకటి టూకే (2K, గట్టిపడటానికి హార్డెనర్ కలిపి కొట్టే రంగు) సాలిడ్ నలుపు, దానికి క్లియర్ (రంగు మీద కొట్టే పారదర్శకమైన మెరుపు పూత) అక్కర్లేదు. రెండోది బేస్‌కోటు, అంటే అడుగు రంగు మాత్రమే, దాని మీద క్లియర్ తప్పదు. అడుగు పొడవు పాత డోరు రేకుకి ప్రైమరు కొట్టించి, సగం ఇది, సగం అది వేయించండి. క్లియర్‌లో హార్డెనర్‌ని డబ్బా మీద రాసిన కొలతలోనే కలపాలి, చాలావాటికి 2:1, అంటే రెండు వంతుల క్లియర్‌కి ఒక వంతు హార్డెనర్. పెయింటర్ చేతి అంచనా ఇక్కడ వద్దు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆ రేకుని డిక్కీ లోపల మిగిలిన కంపెనీ రంగు పక్కన పెట్టి చూడండి, తేడా ఇట్టే తెలుస్తుంది. నాకైతే 60ల నాటి బండికి సాలిడ్ నలుపే అందం. రోడ్డు మీదే పార్కింగు, రోజూ దుమ్ముగుడ్డ తుడుపు అయితే మాత్రం క్లియర్ మేలు. సన్న గీతలు పాలిష్‌తో పోతాయి, నలుపు అరగదు.

ఒక్క చోట ఈ రేకు మోసం చేస్తుంది. కారు మీద అడుగున పాత ఎన్‌సీ పెయింటు (నైట్రోసెల్యులోజ్, థిన్నరుకి కరిగే పాత రకం) ఉంటే టూకే పడగానే ముడతలు లేవొచ్చు. కనపడని మూల థిన్నరు గుడ్డతో రుద్దండి. గుడ్డకి రంగు దిగితే పాత పెయింటుని కారు రేకు దాకా గీకించాకే పని మొదలుపెట్టించండి.